మడవని రెక్క

మా కొండ మీద ఒక రిజిస్టరు ఉంది. నీలం అట్ట, వానకి ఉబ్బిన కాగితాలు, పాత ఇనప కుర్చీకి తాడుతో కట్టిన పెన్ను. ఎగరబోయే ప్రతివాడూ అందులో రాయాలి. తేదీ, టైము, రెక్క రంగు, ఎక్కడ దిగుతావు, దిగినచోటి నుంచి నిన్ను తీసుకురావడానికి ఎవరొస్తారు, వాళ్ళ ఫోను నెంబరు, వాళ్ళు నీకేమవుతారు. ఆ చివరి గడి అంటే నాకు ఒళ్ళుమంట. గాల్లోకి దూకబోయే మనిషిని పట్టుకుని చుట్టరికాలు అడగడమేమిటి?

రిజిస్టరుకి కాపలా ఉండే మనిషిని అందరం సంతకాల మామ అంటాం. ఒకప్పుడు ఆయనా ఎగిరినవాడే. మోకాలు పోయాక కొండ మీద కుర్చీ వేసుకుని, మెడలో బైనాక్యులర్ తగిలించుకుని, మా ప్రాణాలు తోడెయ్యడం మొదలుపెట్టాడు. ఆ శనివారం నేను ఎప్పట్లాగే "కింద మైదానం" అని రాసి, తక్కిన గళ్ళు ఖాళీగా వదిలేసి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరొస్తారో రాయలేదు."

"కిందే దిగుతాను కదా మామా. కింద నా కారుంది."

"రెండేళ్ళ నుంచీ ఇదే మాట. ఈరోజు ఎండ చూశావా, గాలి చూశావా? కొండ వెనక్కి లాక్కుపోయిందంటే నేనెవరికి చెప్పుకోవాలి?"

"చెప్పుకోవడానికి నాకెవరూ లేరు."

"లేరని రాయడానికి ఇందులో గడి లేదు," అన్నాడాయన, పెన్ను నా చేతిలో పెడుతూ.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా వెనక వరసలో ఉన్నవాళ్ళు చెవులు రిక్కించి వింటున్నారు. పెన్ను లాక్కుని, నాకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క నెంబరు బరబరా గీకేశాను. ఈ రోజుల్లో నెంబర్లన్నీ ఫోనే గుర్తుపెట్టుకుంటుంది. నా బుర్రలో మిగిలింది అదొక్కటే. పేరు దగ్గర "బ్రెడ్డు వ్యాను" అని రాశాను. ఏమవుతాడన్న గడి వదిలేశాను.

"ఏమవుతాడు?" అన్నాడు మామ.

"ఏమీ అవడు," అన్నాను.

ఎలాగూ కిందే దిగుతాను, మామ నోరు మూయించడానికి ఏం రాస్తేనేం అనుకున్నాను. ఈ అతితెలివే నా కొంప ముంచుతుందని అప్పుడు తెలీదు.

హ్యాంగ్ గ్లైడరంటే పెద్ద విశేషమేమీ కాదు. అల్యూమినియం గొట్టాల మీద బిగించిన గుడ్డ, పది మీటర్ల వెడల్పు. ఇంజను లేదు, చక్రాలు లేవు. పట్టుకోవడానికి త్రికోణంలా ఒక చట్రం. హార్నెస్ అనే సంచిలాంటి దాంట్లో మనిషి బోర్లా వేలాడతాడు. ఆ మనిషికీ రెక్కకీ మధ్య ఉన్నది ఒకటే కొక్కెం. అది తగిలించుకోకుండానే పరిగెత్తి కొండ మీంచి దూకినవాళ్ళున్నారు. నమ్మరు గానీ, బాగా అనుభవం ఉన్నవాళ్ళే ఆ పని చేస్తారు. అందుకే దూకేముందు తోడున్న మనిషి "తగిలించావా?" అని అడగాలి. ఎగిరేవాడు మాటతో కాదు, కిందికి వేలాడి చూపించాలి. ఏడేళ్ళపాటు నన్ను ఆ మాట అడిగింది ఒకే గొంతు. ఇప్పుడు నేనే అడుక్కుంటాను. కొండ అంచున పైకే "తగిలించావా?" అని అడిగి, వేలాడి చూసుకుని, "ఆఁ" అని నేనే చెప్పుకుంటాను. మొదట్లో సిగ్గేసేది, తర్వాత అలవాటైపోయింది. ఇంట్లోనూ అంతే. గ్యాసు కట్టేశావా అని నేనే అడిగి, కట్టేశానని నేనే చెప్పుకుంటాను.

నా పని కట్టుడు పళ్ళు చెయ్యడం. డాక్టర్ని కాను. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దానికి సరిగ్గా పళ్ళు పేర్చి, గులాబీరంగు చిగుళ్ళు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపిస్తాను. మెట్ల కింద గది, ఒక ట్యూబులైటు, ఒక మోటారు, ఎటు చూసినా తెల్లటి పొడి. గోడ పొడుగునా అరల మీద ఊరి జనం నోళ్ళు వరసగా ఉంటాయి, ఒక్కోదాని కింద ఒక్కో నెంబరు. రోజుకి పది గంటలు వాటి మధ్య కూర్చుంటాను. అన్ని నోళ్ళున్నాయి గానీ ఒక్కటీ పలకరించదు. వాళ్ళ మొహాలు నేను చూడను, నా మొహం వాళ్ళు చూడరు. శనివారం వస్తే కొండకి పరిగెత్తేది అందుకే. పైన కనీసం గాలి చప్పుడన్నా ఉంటుంది.

ఆ రోజు దూకిన రెండు నిమిషాలకే చట్రానికి బిగించిన చిన్న మీటరు కూయడం మొదలుపెట్టింది. పైకి లేస్తుంటే అది కూస్తుంది, ఎంత వేగంగా లేస్తే అంత గొంతు పెంచుతుంది. ఎండకి కాలిన నేల మీంచి వేడిగాలి లేస్తుంది. దాన్ని పట్టుకుని చుట్లు తిరుగుతూ ఉంటే అదే మనల్ని మోసుకుపోతుంది. నాకు మామూలుగా దొరికేవి అరకొర గాలులు, నాలుగు చుట్లు తిరిగేసరికి చేజారిపోయేవి. ఆ రోజుది అలాంటిది కాదు. ఎత్తింది ఎత్తినట్టే ఉంది. ఒక గద్ద కాసేపు నాతోపాటే తిరిగి, ఒకసారి నా వైపు చూసి, వీడెవడన్నట్టు పక్కకి వెళ్ళిపోయింది. చలి వేసింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. కిందికి చూస్తే కొండ చదునైపోయి, ఎత్తూ పల్లం తెలియకుండా ఉంది. మైదానంలో నా కారు ఒక తెల్లటి చుక్క.

సరిగ్గా అప్పుడే వెనక్కి తిరగాలి. మైదానం చేరాలంటే గాలికి ఎదురెళ్ళాలి, ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే చేరలేను. ఆ సంగతి నాకు తెలుసు, నా చేతులకీ తెలుసు. కానీ ఆ చుక్కని చూస్తుంటే మనసంతా అదోలా అయిపోయింది. ఆ కారు తప్ప కింద నాకోసం ఎదురుచూసేది ఏదీ లేదు. దానికీ తొందర లేదు. ఎందుకు దిగాలి? దిగి ఏం చెయ్యాలి? ఇంటికెళ్ళి, గ్యాసు కట్టేశావా అని నన్ను నేను అడుక్కోవాలి, అంతేగా. చట్రాన్ని ఛాతీకేసి లాక్కుని, ముక్కు గాలివాటుకి తిప్పి, కొండ దాటేశాను. ఎగరడం మొదలుపెట్టిన తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నిజంగానే చెప్పలేను, చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. రైలు పట్టాలు, ఒక వాగు, ఒక ఆటస్థలం, మేడల మీద ఆరేసిన బట్టలు, అన్నీ నా కిందనుంచి జరిగిపోతున్నాయి. "ఒరేయ్, ఇటు చూడరా," అని పైకే అన్నాను. ఎవర్ని అన్నానో అన్న తర్వాత తెలిసింది. దాంతోపాటే, రిజిస్టర్లో ఎవరి నెంబరు రాశానో గుర్తొచ్చింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరైనా కొండ దాటితే మామ చేసే మొదటి పని, ఆ నెంబరుకి ఫోను కొట్టి "మీవాడు దాటాడు, బండి తియ్యండి" అని చెప్పడం. ఈపాటికి చెప్పేసే ఉంటాడు. వెనక్కి తిరిగాను. గాలి ఎదురైంది. ఐదు నిమిషాలు భుజాలు నొప్పెట్టేలా లాగినా, కింద అదే మేడ, అవే ఆరేసిన బట్టలు. ముందుకి పోయింది లేదు, ఎత్తు మాత్రం కరిగిపోతోంది. ఇక చేసేదేం లేక మళ్ళీ గాలివాటుకే తిప్పాను.

ఆ నెంబరు మా బావమరిదిది. మాజీ బావమరిది అనాలేమో. విడాకులయ్యాక భార్య తమ్ముడు ఏమవుతాడో నాకెవరూ చెప్పలేదు. కోర్టు కాగితం మూడుసార్లు చదివాను. ఇల్లు ఎవరికి, బీరువా ఎవరికి అని కూడా ఉంది అందులో. బావమరిది ఎవరికన్నది మాత్రం లేదు. వాళ్ళక్క వెళ్ళిపోతే ఇల్లు నిశ్శబ్దమైంది. అది మా ఇద్దరికీ ఎప్పట్నుంచో అలవాటైన నిశ్శబ్దమే. వీడు దూరమయ్యాకే నేను నిజంగా ఒంటరివాణ్ణయ్యాను. ఈ మాట ఇంతవరకూ ఎవరి దగ్గరా అనలేదు.

వాడు బేకరీ వాళ్ళ బ్రెడ్డు వ్యాను నడుపుతాడు. తెల్లవారుజామున దుకాణాలకి బ్రెడ్డు వేసేస్తే మధ్యాహ్నానికి ఖాళీ. ఈ పసుపు రెక్క ఇద్దరం కలిసి కొన్నాం. ఒక శనివారం నేను ఎగిరితే ఇంకో శనివారం వాడు. ఒకడు పైనుంటే ఇంకొకడు కింద వ్యానులో. "నువ్వు ఎగరడం లేదు బావా, మెల్లిగా పడుతున్నావంతే," అని నన్ను ఏడిపించేవాడు.

మాలో ఒక పద్ధతుంది. ఎక్కడో దిగినవాడు బాగానే ఉంటే వెంటనే రెక్క మడిచెయ్యాలి. దూరం నుంచి చూసేవాళ్ళకి అదే కబురు. మడిచిన రెక్క కనబడితే మనిషి క్షేమం, తొందర లేదు. రెక్క తెరిచి ఉండిపోతే మనిషికి దెబ్బ తగిలింది, పరిగెత్తాలి. ఇందులో ఎవరూ అబద్ధం ఆడరు.

రెండేళ్ళ కిందట వాడు మొదటిసారి కొండ దాటాడు. కింద వ్యానులో నేను. దారిలో వాళ్ళక్క ఫోను చేసింది, లాయరు నోటీసు పంపించానని. ఆ సంగతి తమ్ముడికి వారం ముందే తెలుసని కూడా చెప్పింది. వారం రోజులు నాతో తిరిగి, నవ్వి, ఆ పొద్దున్న నా చేత "తగిలించావా" అని అడిగించుకుని, ఒక్క ముక్క చెప్పలేదు వాడు. కోపం నషాళానికంటింది. అయినా వ్యాను నడుపుతూనే వెళ్ళాను. రోడ్డు మీద ఆగి చూస్తే, దూరంగా పొలంలో మడిచిన రెక్క, దాని మీద చెయ్యేసి దర్జాగా కూర్చున్న వాడు. క్షేమంగా ఉన్నాడన్నమాట. వ్యాను వెనక్కి తిప్పాను. ఫోను కట్టేశాను. వాళ్ళింటి ముందు వ్యాను పెట్టి, తాళం తలుపు కింద నుంచి లోపలికి తోసి, నడుచుకుంటూ వచ్చేశాను.

ఓ నెల తర్వాత, నేను పనిలో ఉండగా వాడు రెక్కని తెచ్చి మా గేటుకి కట్టేసి వెళ్ళాడు. తిట్టలేదు, అడగలేదు. ఎగిరేవాళ్ళు ఏ తప్పునైనా మన్నిస్తారు గానీ, దిగినవాణ్ణి నడిమధ్యలో వదిలేసి వచ్చినవాణ్ణి మన్నించరు. ఆ తర్వాత వాడు కొండకి రాలేదు. నేనెప్పుడూ కింద మైదానం దాటి వెళ్ళలేదు. వెళ్తే తీసుకురావడానికి ఎవరున్నారు గనక?

ముప్ఫై కిలోమీటర్ల దగ్గర గాలి చచ్చిపోయింది. మీటరు కూత మానేసి మూలగడం మొదలుపెట్టింది. దిగక తప్పదు. ఒకవైపు కరెంటు తీగలు, ఇంకోవైపు చెట్లు. మధ్యలో ఇళ్ళ స్థలాల లేఅవుటు ఒకటి కనబడింది. తారు రోడ్లు, వీధి దీపాలు, నెంబర్లు వేసిన రాళ్ళు, అన్నీ ఉన్నాయి. ఇల్లు మాత్రం ఒక్కటే. ఆ ఇంటి ముందు తాడు మీద ఒక చొక్కా ఊగుతోంది. అది ఎటు ఊగుతుందో చూసుకుని గాలికి ఎదురు తిరిగాను. నేల దగ్గరయ్యాక చట్రాన్ని పైకి తొయ్యాలి. తోశాను, ఒక్క క్షణం ఆలస్యంగా. రెక్క ముక్కు నేలకి గుద్దుకుంది, నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. చట్రం గొట్టం ఒకటి వంగింది. మోకాలు గీసుకుంది, అంతకు మించి ఏమీ కాలేదు. మొహానికి ఎదురుగా ఉన్న రాయి మీద నూట పద్నాలుగు అని రాసుంది.

కొక్కెం విప్పుకుని లేచి నిలబడ్డాను. ముప్ఫై ఒక్క కిలోమీటర్లు. ఒరేయ్ శెభాష్ అనే దిక్కు లేదు. చుట్టూ ఎవరూ నడవని వీధులు. ఫోను తీస్తే మామ దగ్గర్నుంచి రెండు మెసేజీలు. మొదటిది "చెప్పాను." రెండోది "ఏమీ అనలేదు. పెట్టేశాడు."

ఆ రెండో ముక్క చాలాసేపు చూశాను. ఇంకెవర్ని పిలవాలి? ఆరు మీటర్ల మూటని ఏ టాక్సీ ఎక్కించుకుంటుంది? చివరికి నేనున్న చోటు మ్యాపు వాడి నెంబరుకి పంపించాను. పక్కన ఒక్క మాటైనా రాద్దామనుకున్నాను గానీ మొహం చెల్లలేదు. వాడు చూసినట్టు ఫోను చూపించింది. జవాబు రాలేదు.

మడవడం మొదలుపెట్టాను. రెక్క గుడ్డలో గొడుగు కమ్మీల్లాంటి సన్నటి కమ్మీలుంటాయి, అవి ఒక్కొక్కటే లాగాలి. మూడు లాగి తలెత్తాను. లేఅవుటు అవతల ఎత్తు మీద మెయిన్ రోడ్డు. అక్కణ్ణుంచి చూస్తే ఈ పసుపు రెక్క బాగా కనబడుతుంది. వాడు అసలు రాకపోవచ్చు. లేదా వస్తాడు, ఆ రోడ్డు మీద ఆగుతాడు, మడిచిన రెక్క చూస్తాడు, క్షేమమే అనుకుంటాడు, బండి వెనక్కి తిప్పుతాడు. అచ్చం నేను చేసిందే చేస్తాడు. చేస్తే పల్లెత్తు మాట అనే హక్కు నాకు లేదు.

లాగిన మూడు కమ్మీలూ మళ్ళీ లోపలికి దూర్చేశాను. దిగినచోట దెబ్బ తగలకుండా రెక్క తెరిచి పెట్టడమంత నీచమైన పని మాలో లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మళ్ళీ మడవలేదు.

"పడ్డారా, దిగారా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

వాచ్‌మన్. డెబ్భై ఏళ్ళుంటాయి, మెడలో విజిల్, లోపలికి పోయిన బుగ్గలు.

"దిగాను పెద్దాయనా."

"స్థలం చూడ్డానికొచ్చారనుకున్నాను. మూడు నెలలైంది మనిషి మొహం చూసి."

నీళ్ళిస్తానని ఆ ఒక్క ఇంటికి తీసుకెళ్ళాడు. కొనేవాళ్ళకి చూపించడానికి కట్టిన ఇల్లట. లోపల ప్లాస్టిక్ కవరు తీయని సోఫా, అట్టతో చేసిన టీవీ, లోపల కాగితాలు లేని పుస్తకాలు, బల్ల మీద మైనపు పళ్ళు. మంచం మీద మెత్తటి పరుపు. దాని పక్కన నేల మీద ఆయన చాప.

"పంపు బయటుంది బాబూ. లోపల పంపులన్నీ ఉత్తుత్తివే," అన్నాడు.

బయట గోడ మీద కూర్చున్నాం. ఆయన నాకొక బిస్కెట్టు ఇచ్చి, తనది నీళ్ళలో ముంచుకుని చప్పరించడం మొదలుపెట్టాడు. చొక్కా జేబులోంచి కట్టుడు పళ్ళు తొంగిచూస్తున్నాయి. నా చెయ్యి ఊరుకోదు కదా.

"అవి జేబులో ఎందుకున్నాయి?"

"గుచ్చుకుంటాయి. ఎవరైనా వస్తే పెట్టుకుంటాను. ఎవరూ రారు."

తీసుకుని వెలుతురులో తిప్పి చూశాను. నా పని కాదు. నా పనైతే అంచు అంత మొరటుగా ఉండదు. నా రిపేరు సంచిలో గరుకు కాగితం ఉంది. గుచ్చుకునేచోట రుద్దాను, పెట్టుకోమన్నాను, తీయమన్నాను, మళ్ళీ రుద్దాను. ఇరవై ఏళ్ళుగా కొన్ని వేల నోళ్ళకి పళ్ళు చేసి ఉంటాను. ఒక్కరి నోట్లోకైనా అవి వెళ్ళడం నేను చూడలేదు. ఆయన పెట్టుకుని, దవడ అటూ ఇటూ కదిపి, కళ్ళు మూసుకుని ఆలోచించి, "ఎడమవైపు ఇంకాస్త," అన్నాడు. ఏడవడానికి ఇదా సమయం అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"దాన్ని మడవరా?" అన్నాడు, రెక్క వైపు చూపించి. "గాలికి లేచిపోదూ?"

"ఒక మనిషి రావాలి. వచ్చాక మడుస్తాను."

"వస్తానన్నాడా?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదంటే వస్తాడు," అన్నాడు ఆయన ధీమాగా. "మా యజమానీ అంతే. జీతం పెంచుతావా అంటే ఏమీ అనడు. ఏదో రోజు వస్తాడు, పెంచుతాడు."

"ఇప్పటిదాకా ఎన్నిసార్లొచ్చాడు?"

"ఇంకా రాలేదు," అన్నాడు.

ఐదు దాటాక ఎత్తు మీది రోడ్డు మీద ఒక వ్యాను ఆగింది. అంత దూరంలోనూ దాని ఆకారం నాకు తెలుసు. ఎడమవైపు అద్దం విరిగితే రెండేళ్ళ కిందట నేనే తాడు కట్టాను. లేచి నిలబడి చెయ్యి ఊపితే చాలు, నేను బాగానే ఉన్నానని వాడికి తెలిసిపోతుంది. ఊపలేదు. గోడ వెనక్కి ఒదిగి కూర్చున్నాను. వ్యాను అక్కడ ఆగిన ఆ అర నిమిషంలో నేను దేవుడికి మొక్కలేదు గానీ, అంత పనీ చేశాను.

ఒక్క కుదుపుతో కదిలింది వ్యాను. గేటు దాకా రాకుండా ఎత్తు మీంచి నేరుగా ప్లాట్లలోకి దిగిపోయింది. నెంబరు రాళ్ళని గుద్దుకుంటూ, ఎగిరెగిరి పడుతూ వచ్చి ఆగింది. వాడు తలుపు కూడా వెయ్యకుండా దూకి, "బావా, బావా" అని అరుస్తూ రెక్క వైపు పరిగెత్తాడు. ఒక కాలు ఈడుస్తూ పరిగెత్తాడు. ఆ కుంటు నాకు కొత్త. రెక్క కిందికి వంగి దూరాడు. ఖాళీ హార్నెస్ పట్టుకుని ఊపి చూశాడు. అటూ ఇటూ వెతికాడు. అప్పుడు నేను లేచి నిలబడ్డాను, ఒక చేతిలో గరుకు కాగితం, ఇంకో చేతిలో ముసలాయన పళ్ళు.

వాడు నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. తల, చేతులు, కాళ్ళు.

"దెబ్బ?"

"తగల్లేదు."

"మరి ఇదేంటి?" అన్నాడు, రెక్క వైపు చెయ్యి చూపించి. "మడవలేదేం?"

అబద్ధం చెబుదామనుకున్నాను. గొట్టం వంగిందనో, ఒక్కణ్ణీ మడవలేకపోయాననో. నోట్లోంచి నిజమే వచ్చింది.

"మడిస్తే నువ్వు రోడ్డు మీంచే తిరిగి వెళ్ళిపోతావని."

వాడు నూట పద్నాలుగు నెంబరు రాయి మీద కూర్చున్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కడినుంచి దీన్ని చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు," అన్నాడు. "అక్కకి ఏమని చెప్పాలా అని కూడా ఆలోచించాను."

నేను వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఆ రోజు నువ్వు రోడ్డు మీద ఆగడం నేను చూశాను. చెయ్యి ఊపాను కూడా."

"మడిచిన రెక్క చూశాను రా. బాగానే ఉన్నావనుకున్నాను. దర్జాగా కూర్చున్నావనుకున్నాను."

"నిలబడలేక కూర్చున్నాను. దిగేటప్పుడు మడమ మెలిపడి చిట్లింది. పాక్కుంటూ మడిచాను దాన్ని. తెరిచి ఉంటే నువ్వు దూరం నుంచి చూసి హడలిపోతావని. నీకసలే కంగారెక్కువ."

ఆ మాట వాడు కోపంగా అని ఉంటే బాగుండేది. ఊరికే చెప్పాడు.

"ఇంటికెలా వెళ్ళావు?"

"పదకొండు కిలోమీటర్లు. కర్ర పట్టుకుని."

"నాకు చెప్పొచ్చుగా."

"ఫోను కట్టేసుకున్నావు కదా."

అప్పుడు అన్నాను, తప్పు చేశాను రా అని. ఎంత చిన్న మాటో, రెండేళ్ళు పట్టింది. వాడు తెలుసన్నట్టు తలూపాడు. "నోటీసు సంగతి నేనూ చెప్పాల్సింది. అక్క ఒట్టేయించుకుంది," అన్నాడు.

"బాబూ, నా పళ్ళు," అన్నాడు వాచ్‌మన్ మెల్లిగా, చెయ్యి చాపి.

వాడు ఆయన్నీ, నా చేతిలోవాటినీ చూశాడు. ఒకప్పుడైతే దానిమీద నెలరోజులు ఏడిపించేవాడు. ఇప్పుడు లేచి వెళ్ళి కమ్మీలు లాగడం మొదలుపెట్టాడు.

ఇద్దరం కలిసి మడిచాం. అటు పదకొండు కమ్మీలు, ఇటు పదకొండు. ఎవరు ఏ చివర పట్టుకోవాలో, ఎప్పుడు దొర్లించాలో చేతులకి గుర్తుంది. వ్యాను మీదికెక్కించి పట్టీలు బిగించాం. బయల్దేరుతుంటే వాచ్‌మన్ పళ్ళు పెట్టుకుని, నిండుగా నవ్వి, ఎందుకో ఒకసారి విజిల్ ఊదాడు. అద్దంలో చూస్తే ఆ వీధుల మధ్య చాలాసేపు అలాగే నిలబడి ఉన్నాడు.

వ్యాను నిండా బ్రెడ్డు వాసన. నేను ఎంత మరిచిపోయాననుకున్నా మరిచిపోని వాసన అది.

"దారిలో ఉండగా మామ మళ్ళీ ఫోను చేసి అడిగాడు, నేను నీకేమవుతానని," అన్నాడు ఉన్నట్టుండి. "గడి ఖాళీగా ఉందట."

"ఏం చెప్పావు?"

"డ్రైవర్నని రాసుకోమన్నాను."

నవ్వాలో వద్దో తెలియక కిటికీలోంచి బయటికి చూశాను. కొండ కింద నా కారు ఒక్కటే మిగిలుంది. దాన్ని తీసుకుని నేను ముందు, రెక్కతో వాడు వెనక, చీకటి పడే వేళకి మా ఇంటికి చేరాం. రెక్కని షెడ్డులో కొక్కేలకి ఎక్కించాం. కాస్త టీ తాగి వెళ్ళమన్నాను. వద్దన్నాడు, తెల్లవారుజామున బ్రెడ్డు వెయ్యాలన్నాడు. వ్యానెక్కి ఇంజను స్టార్ట్ చేసి, కదలకుండా కూర్చున్నాడు.

"వచ్చే శనివారం ఎవరి నెంబరు రాస్తావు?"

"కింద మైదానమని రాస్తాను. నెంబరెందుకు?"

"నాదే రాయి," అన్నాడు, ఎదురుగా రోడ్డునే చూస్తూ. "కానీ దిగగానే మడిచెయ్యి. ఇంకోసారి ఇలా నా ప్రాణం తియ్యకు."

"సరే."

గేరు వేశాడు. "మడిచినా వస్తాను," అన్నాడు.

వ్యాను మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. ఆ ప్లాట్ల మధ్య పరిగెత్తుతూ పిలిచిన ఆ ఒక్కసారి తప్ప వాడు మళ్ళీ బావా అనలేదు. అనమని నేనూ అడగలేదు.